దాచిన ఫోల్డరులో ఆరో ఏరు

కంప్యూటరు రిపేరు పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, "ఇన్నేళ్ల సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏది సార్?" అని. గొప్ప పనులేవీ గుర్తు లేవు. చేసిన వెధవ పని మాత్రం ఒకటి బాగా గుర్తుంది. ఏటా ఒకసారి పిలిచి, పాయసం పెట్టి మరీ దాన్ని గుర్తు చేసే ఇల్లు కూడా ఒకటుంది. కనుక అదే చెబుతాను. మీకు పనికొస్తుంది.

మాది వాడిపట్టి పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు ముక్కలు. తెలుగు అక్షరాలు యాభై దాటాక కూడబలుక్కుని నేర్చుకున్నాను కాబట్టి, ఎక్కడైనా వంకర పోతే సర్దుకుపోండి. మా మాటల్లో 'దా' అని వస్తే, అది తమిళం నుంచి అంటుకున్న 'నే' అనుకోండి, 'అందుకు దా' అంటే 'అందుకే' అని. నేను పనిచేసిన షాపు కోయంబత్తూరు గాంధీపురంలో, బస్టాండు వెనక సందులో ఉండేది. కింద చీరల కొట్టు, పైన లాడ్జి, మధ్య అంతస్తులో మేము. మేమంటే ముగ్గురమే. మా ఓనరు, నేను, మదురైలో పుట్టిన ఒక క్రైస్తవుల అమ్మాయి. ఆ అమ్మాయి ఇంట్లోనూ తెలుగే. హార్డ్ డిస్కుల పనిలో నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. నన్ను "అన్నా" అంటూనే తిట్టేది.

ఊరి బయటి పల్లెలకు వెళ్లి మిషన్లు చూసిరావడం నా వంతు. అలా వెళ్లే ఇళ్లలో ఒక అక్క ఇల్లు ఉండేది. మాలాగే తెలుగువాళ్లు. భర్త టమాటాలు, మునక్కాయలు పండించి ఒట్టన్‌చత్రం మార్కెట్టుకు తోలేవాడు. కూతురి చదువు కోసం కొన్న కంప్యూటరు, కూతురికి పెళ్లయ్యాక ముందుగదిలో ఉండిపోయింది. మరిది పిల్లలు దాని మీద పడి రోజంతా ఆటలు ఆడేవాళ్లు. ఆటకు చోటు చాలకపోతే కళ్లకు కనిపించినవన్నీ తీసిపారేసేవాళ్లు.

ఒకరోజు కీబోర్డు మార్చి లేవబోతుంటే అక్క అడిగింది.

"తంబీ, ఈ మిషనులో పిల్లోళ్ల చెయ్యి పోని చోటు ఏదన్నా ఉండాదా?"

మామూలుగా అయితే పాస్‌వర్డు పెట్టుకోమని చెప్పి పోవాలి. కానీ ఆ రోజు నాకు పాఠం చెప్పాలని బుద్ధి పుట్టింది. సెట్టింగుల్లోకి వెళ్లి, దాచిన ఫోల్డర్లను చూపించమని ఒక గడిలో టిక్కు పెట్టాను. అంతవరకు లేని ఫోల్డర్లు కొన్ని, చెరిగిపోతున్న ముగ్గులా లేతగా తెర మీదికి వచ్చాయి.

"అయ్యో! ఇవి ఇంతసేపు యాడ ఉండె?"

"ఈడనే ఉండె అక్కా. మన కంటికి పడకుండా పెట్టిండారు."

"ఏంటికి? దొంగ సొత్తా?"

"దొంగ సొత్తు కాదక్కా. ఈ మిషను నడిచేదానికి కావాల్సినవి. ఒక్కొక్క ప్రోగ్రాము దాని సామాను ఇందులో పెట్టుకుంటాది. తెలియనోళ్లు చెయ్యి పెడితే మిషను నిలిచిపోతాది. అందుకు దా దాచిండేది."

అక్క కాసేపు తెర వంక చూసింది. తర్వాత తలెత్తి అటక వంక చూసింది. అక్కడ పసుపుగుడ్డ కప్పిన వెదురుపెట్టె ఉంది.

"అంటే మా సామి పెట్టె మాదిరి."

ఇది తెలియనివాళ్లకు చెబుతాను. మా ఇళ్లలో చాలావాటిలో ఇలాంటి పెట్టె ఒకటుంటుంది. ఎప్పుడో వంశంలో ముందు పుట్టి, ఇంటిని కాపాడిన ఒక ఆడమనిషి చీర, దువ్వెన, గాజులు అందులో ఉంటాయి. ఏడాదికి ఒక్కసారి, మీ ఆషాఢం రోజుల్లో వచ్చే తమిళ ఆడి నెలలో ఒక శుక్రవారం పొద్దున తెరిచి, కొత్త చీర పెట్టి మళ్లీ మూసేస్తారు. మిగతా రోజుల్లో ఎవరూ దాన్ని ముట్టుకోరు. దాని గురించి మాట్లాడరు కూడా. కానీ ఇల్లు నడిచేది దానివల్లే అని అందరికీ నమ్మకం.

నాకు ఒళ్లు పులకరించింది. అన్నేళ్లుగా కస్టమర్లకు దాచిన ఫోల్డర్ల సంగతి చెప్పలేక నా నాలుక వాచిపోయింది. ఈమె ఒక్క మాటలో తేల్చేసింది.

"అదే దా అక్కా! సరిగ్గా చెప్తివి. దాన్ని ఎవురూ తాకరు."

ఈ చివరి మాటే కొంప ముంచింది. ఎవురూ అంటే నేను తప్ప ఎవురూ అని నా ఉద్దేశం. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. చోటు దేనికి కావాలో కూడా అడగలేదు. షాపుకొచ్చి ఆ సామి పెట్టె పోలికను నా సొంత తెలివిలా ఓనరుకు చెప్పుకున్నాను. ఏడాది పాటు ప్రతి కస్టమరుకూ అదే చెప్పి మెప్పు కొట్టేశాను.

ఆమెకు చోటు కావలసింది ఒక పాట కోసం. పెట్టె తెరిచేటప్పుడు పాడే పాట అది. పెట్టె ఉన్న ఇంటి పెద్దకోడలు ఒక్కతే తలుపు మూసుకుని పాడుతుంది. అత్త నోటి నుంచి కోడలి నోటికి రావాలి. రాయకూడదు. మధ్యలో ఇంకెవరి చెవినా పడకూడదు. అక్కకేమో పాట పొడుగు, జ్ఞాపకం తక్కువ. అందుకని అత్తను కూర్చోబెట్టి పాడించి, ఫోనులో రికార్డుగా పట్టుకుంది. తప్పు కదా అక్కా అని తర్వాత అడిగితే, "రాయకూడదని దా పెద్దోళ్లు చెప్పిండేది, ఫోనులో పట్టకూడదని ఎవురూ చెప్పలే" అంది. ఆ ఫోను పాతది. దాన్ని మార్చేముందు పాటను కంప్యూటరులోకి ఎక్కించింది. మొదటిసారి పిల్లలు దాన్ని చెత్తబుట్టలో వేసేశారు. ఆమె చూసి తీసి, ఇక లాభం లేదని నన్ను చోటు అడిగింది.

నేను వెళ్లిపోయాక ఆమె ఆ దాచిన ఫోల్డర్లన్నీ ఓపికగా తెరిచి చూసిందట. యాప్‌డేటా అనే దానిలో ఇంకొకటి, అందులో ఇంకొకటి. చివరికి టెంప్ అనే ఫోల్డరు కనిపించింది. నిండా అర్థంకాని పేర్లతో వేల ముక్కలు. మా ఇళ్లలో బంగారం దాచేది ఇనప్పెట్టెలో కాదు, రాగుల కుండ అడుగున. ఎక్కడ చెత్త ఎక్కువో అక్కడ ఎవరూ వెతకరు. ఆ లెక్కన పాటను టెంప్ ఫోల్డరులో పెట్టి, నిశ్చింతగా నిద్రపోయింది.

ఈ పని తెలిసినవాళ్లు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. టెంప్ అంటే ప్రోగ్రాములు పని మధ్యలో పారేసే చిత్తుకాగితాల గంప. మిషను నెమ్మదించిందంటే మేము మొదట ఖాళీ చేసేది దాన్నే.

మరుసటి ఏడాది ఆడి నెలకు కొద్ది రోజుల ముందు అక్క ఫోను చేసింది, మిషను నత్తలా నడుస్తోందని. వెళ్లాను. ముందుగదిలో కొత్తగా ఒక మంచం వేసి ఉంది. అత్తగారికి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైందట. కుడి పక్క పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. కళ్లు మాత్రం చురుగ్గా అన్నీ చూస్తున్నాయి. నేను ఆమెకు దండం పెట్టి నా పనిలో పడ్డాను. దుమ్ము ఊదాను. టెంప్ తెరిచాను. అన్నీ కలిపి ఎంచుకుని, చెత్తబుట్టకు కూడా పోకుండా ఒక్క దెబ్బకు తీసేశాను. "నిజంగా తీసేయమంటారా?" అని మిషను అడిగింది. అది ఎప్పుడూ అడుగుతుంది, మనం ఎప్పుడూ అవుననే అంటాం. తర్వాత చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను జరిపి ఒకచోట చేర్చేలా డిస్కును సర్దమని పెట్టి, అక్క ఇచ్చిన మజ్జిగ తాగుతూ కూర్చున్నాను. మంచం మీది పెద్దావిడ నన్నే చూస్తోంది. నేను నవ్వితే తనూ ఒక పక్క నవ్వింది.

మూడు రోజుల తర్వాత షాపుకు ఫోను వచ్చింది. అక్క గొంతు సన్నగా ఉంది.

"తంబీ, మా అత్త పాట కనిపించలే."

"ఏ పాటక్కా? యాడ పెడితివి?"

చెప్పింది. మూడు రోజుల కిందట నేను ఒక్క దెబ్బకు ఖాళీ చేసిన చోటే. పక్కనున్న ఓనరు నా ముఖం చూసి కాగితం మీద పెద్ద అక్షరాలతో 'వైరస్' అని రాసి చూపించాడు. మా షాపులో మేము చేసే తప్పులన్నీ వైరసులే చేసేవి. నా నోరు కూడా అదే అలవాటు మీద తెరుచుకుంది.

"అది... వైరస్ తినేసి ఉండాల అక్కా."

అక్క అంది, "సరి తంబీ. నువ్వేం చేస్తావు పాపం. ఇంకా సగం దా నాకు నోటికి వచ్చిండేది. పెట్టె తెరిచేదానికి తొమ్మిది దినాలు ఉండాది. అత్తకు మాట లేదు. సామికి ఏం చెప్పాలనో తెలియలే." ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు కష్టమైంది. "సరి, పెట్టేస్తా. పిల్లోళ్లు కొత్త ఆట ఒకటి ఎక్కిస్తుండారు, గలాటా పెద్దగా ఉండాది."

కొత్త ఆట! తీసేసిన ఫైలు డిస్కు మీదనుంచి వెంటనే పోదు. పేరు మాత్రమే పోతుంది. దాని చోటులో ఇంకొకటి వచ్చి కూర్చునేదాకా అది అక్కడే ఉంటుంది. ఇప్పుడు ఆ చోటులోకి ఒక పెద్ద ఆట దిగుతోంది.

"అక్కా, ఆపమను! స్విచ్చి వద్దు, ప్లగ్గు పీకెయ్యి! ఇప్పుడే!"

"ఏంటికి తంబీ..."

"పీకు అక్కా! వైరసు లేదు గిరసు లేదు, నేను దా తీసేస్తిని!"

ఫోనులో దడామని చప్పుడు, పిల్లల ఏడుపు. తర్వాత అక్క ఆయాసపడుతూ అంది, "పీకేస్తిని." షాపులో ఓనరు తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. కూర్చున్న చోటు నుంచే మదురై అమ్మాయి అడిగింది, "అన్నా, చూడకుండా ఎట్ల తీసేస్తివి?" బస్సు పట్టుకుని వెళ్లాను.

గడపలోకి అడుగు పెడుతూనే దణ్ణం పెట్టి అంతా చెప్పాను, మంచం మీది పెద్దావిడ వినేలా. ఎవరూ తాకరని నేనే అన్నాను, నేనే తాకాను అన్నాను. అక్కకు కోపం అప్పుడు వచ్చింది.

"ఇది నువ్వు ఫోనులో ముందరే చెప్పిండాల. నేను సామికి ఏం తప్పు చేస్తినో అని దిగులుతో చచ్చిపోతిని గదా!"

తిట్టింది. నాకు కాస్త హాయిగా అనిపించింది. డిస్కు విప్పుకుని, తువ్వాలులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని గాంధీపురం దాకా వచ్చాను.

మదురై అమ్మాయి దాన్ని ఇంకో మిషనుకు తగిలించి వెతికే ప్రోగ్రాము నడిపింది. పోయిన ఫైళ్లకు పేర్లుండవు, అంకెలే ఉంటాయి. ఆటల శబ్దాలు, సినిమా పాటలు, తుపాకుల మోతలు, అన్నీ కలిసి వందల ముక్కలు దొరికాయి. ఒక్కొక్కటీ వినాల్సిందే. ఆమెకో హెడ్‌ఫోను, నాకో హెడ్‌ఫోను. రెండు రోజులు షాపులో ఇంకో పని జరగలేదు. ఓనరు వచ్చిన కస్టమర్లను తనే కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆయన్ని ఎంత తిట్టుకున్నా ఆ రెండు రోజులకు మాత్రం నేను రుణపడి ఉన్నాను.

రెండో రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి చెయ్యి పైకెత్తింది. హెడ్‌ఫోను నా చెవికి పెట్టింది. ముసలి గొంతు. వెనకాల కోళ్ల అరుపులు.

*ఏరు దాటొస్తిమమ్మా, ఏడేర్లు దాటొస్తిమి*
*మూటలన్నొదిలేస్తిమి, నీ పెట్టె మోసొస్తిమి*

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని, "మా అవ్వ ఇట్ల దా మాట్లాడేది అన్నా" అంది. వాళ్లది వేరే దేవుడు, వేరే బతుకు. రోడ్డు పనులకు, చెత్త పనులకు పోయిన కుటుంబం. అయినా ఆ మాటలు వాళ్లింటివి కూడా.

మా పెద్దలు తెలుగు సీమ నుంచి ఇటు వలస వస్తూ దాటిన ఏడు ఏర్ల పాట అది. ఒక్కొక్క ఏరు పేరు చెప్పి, ఎలా దాటారో చెబుతుంది. కృష్ణమ్మ మొదటిది. ఐదోది కావేరి. కావేరి దాటి, ఆరో ఏరు అని గొంతు ఎత్తుకోగానే గరగరమని శబ్దం మొదలైంది. ఎవరో బొగ్గులు నలగ్గొడుతున్నట్టు పావు నిమిషం పైగా. తర్వాత గొంతు మళ్లీ తేటగా వచ్చి, ఏడో ఏరు నొయ్యలు దాటి, ఇల్లు చేరి, దీపం పెట్టి పాట ముగిసింది.

ఆ పావు నిమిషం కోసం ఆ అమ్మాయి ఇంకో రోజంతా తంటాలు పడింది. రాలేదు. ఆ చోటులోకి ఇంకేదో వచ్చి కూర్చుంది. పిల్లల కొత్త ఆటైనా కావచ్చు, నేను డిస్కు సర్దినప్పుడు కదిలిన ఇంకేదో ముక్కైనా కావచ్చు. రెండోదే అయి ఉంటుందని నా అనుమానం. ఆ అమ్మాయి మాత్రం ఆటే అయి ఉంటుందని చాలాసార్లు చెప్పింది. మంచి పిల్ల.

డిస్కు తీసుకుని ఇద్దరం వెళ్లాం. పాట ఇంకెవరి చెవినా పడకూడదు కదా, మేమిద్దరం విన్నాం, ఎలా అని అడిగాను. "మీరు వినకుంటే ఉండేదే కాదు గదా, వినండి" అంది అక్క. మిషను తగిలించి పాట పెట్టాం. మంచం మీది పెద్దావిడ తన గొంతు తను విని కళ్లు మూసుకుంది. కావేరి అయింది. గరగర మొదలైంది. నేను తల దించుకున్నాను.

టక్, టక్, టకటక్.

పెద్దావిడ ఎడమచేత్తో మంచం పట్టె మీద దరువు వేస్తోంది. కళ్లు మూసుకునే ఉంది. గరగర ఉన్నంతసేపూ వేసి, సరిగ్గా గొంతు తిరిగి వచ్చే క్షణానికి ఆపింది. లోపల ఆమెకు పాట వినిపిస్తూనే ఉంది. మాటే బయటికి రాదు.

అక్క మంచం దగ్గర కూర్చుని ఒక్కొక్క ఏరు పేరూ అడిగింది. మదురై అమ్మాయి ఫోనులో మ్యాపు తెరిచి, "కావేరికీ నొయ్యలుకీ నడుమ అంటే భవాని దా అవ్వా?" అంది. కాదని తల ఊపింది. అమరావతా? కాదు. ఇంకా నాలుగు పేర్లు అడిగాం. ఆమె నోరు తెరిచి ప్రయత్నం చేసింది. గాలి మాత్రం వచ్చింది. కంట్లోంచి నీళ్లు కారాయి. అక్క చీర కొంగుతో తుడిచి, "వద్దు అత్తా, పోనీ" అంది. ఏ పల్లె పక్కన పారిన చిన్న ఏరో, ఇప్పుడు నీళ్లుండి ఉంటాయో లేదో, దాని పేరు ఆ ఒక్క తలలోనే ఉంది. అక్కడిదాకా పోయే ప్రోగ్రాము మా దగ్గర లేదు.

ఆ ఏడాది పెట్టె తెరిచిన రోజు నన్ను పిలిచారు. వెళ్లడానికి సిగ్గేసినా వెళ్లాను. అక్క తలుపు మూయలేదు. ఇంట్లో ఉన్న ఆడవాళ్లనూ, ఆడపిల్లలనూ అందరినీ లోపలికి పిలిచింది. తోడికోడలు భయపడింది, పెద్దకోడలు ఒక్కతే గదా పాడాల అని.

"ఒక్క చోట పెడితే ఏమయిందో చూస్తివి గదా," అంది అక్క. "అందరూ నేర్చుకోండి. సామి కోపమొస్తే నా మీద రానీ."

ఇన్నేళ్ల సర్వీసులో, ఒకే చోట పెట్టుకోవద్దని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. విన్న కస్టమరు ఈమె ఒక్కతే. అదీ నేను చెప్పి కాదు, పోగొట్టి. ఐదు ఏర్లు పాడారు. ఆరో ఏటి దగ్గర అందరూ ఆగారు. పెద్దావిడ ఎడమచెయ్యి లేచింది. ఆ దరువుకు అందరూ నోరు మూసుకుని రాగం తీశారు.

పెద్దావిడ ఆ తర్వాత రెండేళ్లు ఉంది. ఆరో ఏరు ఆమెతోనే పోయింది. నేను ఉద్యోగం మానేశాను. మదురై అమ్మాయికి ఇప్పుడు సొంత షాపుంది. అక్కడ టెంప్ ఖాళీ చేసేముందు అందులో ఏముందో తెరిచి చూసి, ఇంటివాళ్లను అడగాలని నియమం. మీరూ పెట్టుకోండి.

పోయిన ఆడి నెలలో కూడా వెళ్లాను. అక్క మోకాళ్ల నొప్పితో గోడకు ఆనుకుని కూర్చుంది. పాట ఇప్పుడు పదకొండు మందికి వచ్చు. ఎప్పటిలా గడప అవతల నిలబడ్డాను. నా పక్కన అక్క మనవరాలు నిలబడి ఉంది, ఏడేళ్ల పిల్ల. కావేరి దాటాక లోపల మాటలు ఆగి, రాగం మొదలైంది. పాపం ఈ పిల్లకు అసలు సంగతి తెలియదు కదా అని, వంగి మెల్లగా చెప్పబోయాను.

"ఇక్కడ ఏం జరిగిందంటే తల్లీ..."

పిల్ల గబుక్కున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"తాతా, ఆరో ఏటికాడ ఎవురూ మాట్లాడకూడదు! నీళ్లు రొంబ లోతు. మాట్లాడితే సామి పెట్టె తడిసిపోతాది. మా జేజి కాలం నుంచి ఇట్ల దా."

లోపలినుంచి అక్క నన్ను చూసింది. వినే ఉంటుంది. నవ్వు ఆపుకుంటూ తల పక్కకు తిప్పుకుంది. నేను నోరు మూసుకుని, గుమ్మం చెక్క మీద వేళ్లతో దరువు వేస్తూ, వాళ్లందరితో పాటు ఆ ఏరు దాటాను.